ఏ క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకోవాలి? మా బేస్‌మెంట్ గొడవ, 2018 బ్యాచ్ లెక్క

2018 ఏప్రిల్ 26, గురువారం రాత్రి. న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురం టీవీ ముందు కూలబడ్డాం. మధ్యలో స్టీలు బేసిన్ నిండా మిరపకాయ బజ్జీలు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కాలేజీ కుర్రాళ్లని జట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎంచుకునే డ్రాఫ్ట్ ఆ రాత్రే. అందులో మా న్యూయార్క్ జెట్స్‌ది 3వ పిక్, అంటే మూడో ఎంపిక వాళ్లదే. అసలు వచ్చింది 6వది. మూడు మెట్లు ఎక్కడానికి ఆ 6వ పిక్‌తో పాటు మూడు రెండో రౌండు పిక్‌లు ఇండియానాపొలిస్ చేతిలో పెట్టి వచ్చారు. అంత పోసి తెచ్చుకునేది బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్‌నే అని అందరికీ తెలుసు. ఎవర్ని అన్నదే గొడవ.

నేను జోష్ రోజెన్ పార్టీ. మా బావమరిది బఫలోలో ఎం.ఎస్. చేసిన పుణ్యమా అని అక్కడి జట్టు బిల్స్‌కి అభిమాని అయిపోయాడు. వాడికి జోష్ అలెన్ పిచ్చి.

"బావా, ఆ చెయ్యి చూడు! గాల్లో అక్కణ్ణుంచి ఇక్కడికి విసురుతున్నాడు."

"ఒరేయ్, నూరు విసిరితే నలభై నాలుగు నేలపాలు. ఆ చెయ్యి పెట్టుకుని ఏం చేస్తాడు, మామిడికాయలు రాలుస్తాడా?" అన్నాను. అందరూ నవ్వారు. నేను ఇంకాస్త గట్టిగా నవ్వాను.

ఆ అలెన్ 2024 సీజన్‌కి లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడిగా ఎంవీపీ అందుకున్నాడు. మా రోజెన్‌ని అరిజోనా ఒక్క ఏడాదికే వదిలించుకుంది. కాబట్టి ఇది గెలిచినవాడు ఇస్తున్న సలహా కాదు, చేతులు కాల్చుకున్నవాడు చెబుతున్న లెక్క. ప్రతి వసంతంలోనూ "ఈసారి మనం ఎవర్ని తీసుకోవాలి అన్నా?" అని అడిగే కుర్రాళ్లకి నేను ముందు ఈ 2018 బ్యాచ్‌నే చూపిస్తాను. మొదటి రౌండులో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు, ఐదు రకాల లోపాలు, ఐదు రకాల ఇళ్లు. ఇప్పుడు ఫలితాలు మన ముందే ఉన్నాయి.

కొత్తగా చూస్తున్నవాళ్లకి రెండు ముక్కలు. ఇది ఐపీఎల్ వేలం లాంటిది కాదు, ఎక్కువ డబ్బు పాడినవాడికి ఆటగాడు దక్కడు. 32 జట్లు, 7 రౌండ్లు. కిందటి ఏడు అందరికంటే చిత్తుగా ఓడిన జట్టు ముందు ఎంచుకుంటుంది, ఛాంపియన్ చివర ఎంచుకుంటుంది. మధ్యలో పిక్‌లు అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. ఇక క్వార్టర్‌బ్యాక్ అంటే ప్రతి బంతీ చేతికి వచ్చే మనిషి. కెప్టెన్, ఓపెనర్, వికెట్ కీపర్ ముగ్గురూ ఒకడే అయితే ఎలా ఉంటుందో అలా. అతను కుదిరితే పదేళ్ల నిశ్చింత. కుదరకపోతే మూడేళ్లకోసారి మళ్లీ ఇదే బేస్‌మెంట్, ఇవే బజ్జీలు.

డబ్బు సంగతి కూడా తెలియాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే మారింది. 2010లో మొదటి పిక్‌గా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 6 ఏళ్లకి 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం రాశారు. అందులో 5 కోట్లు ఆడినా ఆడకపోయినా ఇవ్వాల్సిందే. 2011లో నిబంధనలు మార్చారు. 2018లో మొదటి పిక్ బేకర్ మేఫీల్డ్‌కి 4 ఏళ్లకి దక్కింది సుమారు 3.27 కోట్ల డాలర్లు. మొదటి రౌండులో తీసుకున్నవాడి విషయంలో ఐదో ఏడు కూడా ఉంచుకునే హక్కు జట్టుకే ఉంటుంది. అదే అలెన్‌కి 2025లో బిల్స్ రాసిచ్చింది 6 ఏళ్లకి 33 కోట్ల డాలర్లు. అంటే చవకగా దొరికే ఆ మొదటి నాలుగేళ్లే అసలు బంగారం. మిగిలిన సొమ్ముతో అతని ముందు నిలబడి కాచే లైన్ కట్టుకోవచ్చు, అతను విసిరింది అందుకునే రిసీవర్లని తెచ్చుకోవచ్చు. తప్పు మనిషిని తీసుకుంటే ఇప్పుడు పోయేది డబ్బు కన్నా ఎక్కువ ఆ నాలుగేళ్లు.

ఐదుగురు, ఆ రాత్రి కనిపించినట్టు

మేఫీల్డ్ ఓక్లహోమా యూనివర్సిటీ కుర్రాడు. స్కాలర్‌షిప్ లేకుండా టెక్సస్ టెక్ జట్టులో చేరాడు, అక్కడ వదిలేసి మళ్లీ స్కాలర్‌షిప్ లేకుండానే ఓక్లహోమాలో చేరాడు, చివరికి 2017లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అతిపెద్ద బహుమతి హైస్‌మన్ పట్టుకెళ్లాడు. ఆ సీజన్‌లో 43 టచ్‌డౌన్లు (చివరి గీత దాటి స్కోరు తెచ్చినవి), 6 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు అందుకున్నవి). విసిరిన ప్రతి పదిలో ఏడు చేరాయి. అతని మీద ఫిర్యాదులు రెండు: ఎత్తు ఆరడుగులకి ఒక అర అంగుళం పైన అంతే, నోరు మాత్రం ఏడడుగులు.

శామ్ డార్నాల్డ్‌ది యూఎస్‌సీ కాలేజీ. 2017 జనవరిలో రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ ఆటలో పెన్ స్టేట్ జట్టు మీద 453 గజాలు, 5 టచ్‌డౌన్లు కొట్టినప్పట్నుంచీ దేశమంతా అతని పేరే. ఎత్తు, ఒళ్లు, నెమ్మది, అన్నీ కుదిరిన పిల్లాడు. మా వీధి చివర ఉండే అన్నయ్య, జెట్స్‌ని 20 ఏళ్లుగా చూస్తున్న మనిషి, "వీడే, ఇంకో మాట లేదు" అన్నాడు. లోపం చేతిలోనే ఉంది: విసిరే ముందు బంతిని నడుం దాకా దించి, వెనక్కి ఒక చుట్టు తిప్పుకొస్తాడు. ఆ చుట్టులో ఎవడో ఒకడు బంతిని తట్టేస్తాడు. చివరి కాలేజీ సీజన్‌లో 13 ఇంటర్‌సెప్షన్లు, వాటి మీద చేజార్చుకున్న బంతులు వేరే.

రోజెన్‌ది యూసీఎల్‌ఏ కాలేజీ. అడుగులు చూస్తే నాట్యం నేర్చినవాడిలా ఉండేవి. ఐదడుగులు వెనక్కి, ఒక చిన్న గెంతు, బంతి వెళ్లిపోయింది. టీవీ ఆపి ఆపి చూసేవాణ్ణి. పైగా ఎకనామిక్స్ చదివాడు, కోచ్ ఏది చెప్పినా ఎందుకని అడుగుతాడు అని పేపర్లో వచ్చింది. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, బాగా చదువుకున్న కుర్రాడు అనగానే సగం పెళ్లి అయిపోయినట్టే. నేను అక్కడే పడ్డాను.

అలెన్ కాలిఫోర్నియాలో ఫైర్‌బా అనే చిన్న ఊరి రైతుబిడ్డ. హైస్కూలయ్యాక పెద్ద కాలేజీ ఒక్కటీ పిలవలేదు. రీడ్లీ అనే జూనియర్ కాలేజీలో ఒక ఏడు ఆడి, కనిపించిన కోచ్‌కల్లా ఈమెయిల్ పెట్టి, చివరికి వయోమింగ్‌లో తేలాడు. 6 అడుగుల 5 అంగుళాలు, ఫిరంగి లాంటి చెయ్యి, 56 శాతం గురి. విసిరేటప్పుడు కాళ్లు ఒక దిక్కు, భుజం ఇంకో దిక్కు.

లామార్ జాక్సన్‌ది లూయివిల్ కాలేజీ. 2016లోనే హైస్‌మన్ గెలిచాడు. పరిగెడితే పట్టుకునేవాడు లేడు. అందుకే కొందరికి అతను క్వార్టర్‌బ్యాక్‌లా కనిపించలేదు. 1998లో పేటన్ మ్యానింగ్‌నా, రయన్ లీఫ్‌నా అన్న ప్రశ్నకి మ్యానింగ్ అని సరిగ్గా జవాబు చెప్పిన ఇండియానాపొలిస్ పాత జనరల్ మేనేజర్ బిల్ పోలియన్ అంతటివాడు, లామార్ రిసీవర్‌గా మారితే మంచిదని టీవీలో చెప్పాడు. తర్వాత పొరపాటని ఒప్పుకున్నాడు లెండి. మా బేస్‌మెంట్‌లో ఆ రాత్రి లామార్ పేరు ఎత్తినవాడే లేడు.

ఏమయ్యారు

మేఫీల్డ్ 1వ పిక్, క్లీవ్‌లాండ్. ముందటేడు 16 ఆటల్లో 16 ఓడిన జట్టది. మొదటి ఏడే 27 టచ్‌డౌన్లు విసిరి అప్పటికి కొత్త ఆటగాళ్లలో రికార్డు పెట్టాడు. మూడు సీజన్లలో నలుగురు హెడ్ కోచ్‌ల కింద ఆడాడు. నాలుగోవాడు స్టెఫాన్‌స్కీ వచ్చి కాస్త సర్దుకోగానే 2020 సీజన్‌లో ప్లేఆఫ్‌లో పిట్స్‌బర్గ్‌ని 48-37తో కొట్టారు. తర్వాతి ఏడు భుజం దెబ్బ, ఆ పైన వీడ్కోలు. కరోలినా వదిలేసింది, లాస్ ఏంజిలిస్ రామ్స్ ఎత్తుకుంది, దిగిన రెండో రోజే ఒక ఆట గెలిపించాడు. 2024లో టాంపా బేలో 41 టచ్‌డౌన్లు.

డార్నాల్డ్ మా 3వ పిక్. లీగ్‌లో అతని మొట్టమొదటి బంతి డెట్రాయిట్‌వాళ్లు అందుకుని ఎదురు టచ్‌డౌన్ చేశారు. ఆ ఆట 48-17తో మేమే గెలిచాం గనక నవ్వుకున్నాం. 2019 అక్టోబర్‌లో న్యూ ఇంగ్లండ్ చేతిలో 33-0. ఆ రాత్రి పక్కన బెంచీ మీద కూర్చుని తనకి దయ్యాలు కనిపిస్తున్నాయన్న మాట మైకుకి దొరికింది. మొదటి ఏడాది ఉన్న కోచ్ రెండో ఏడు లేడు. ముందు లైన్ చిల్లుల గంప. 2020లో జట్టు 2 గెలిచి 14 ఓడింది. 2021లో అతన్ని కరోలినాకి పంపేసి, 2వ పిక్‌తో జాక్ విల్సన్‌ని తెచ్చి మళ్లీ మొదటికొచ్చారు. ఆ డార్నాల్డే 2023లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ఏడు బెంచీ మీద కూర్చుని నేర్చుకుని, 2024లో మిన్నెసోటాకి వెళ్లి 35 టచ్‌డౌన్లతో 14 ఆటలు గెలిపించాడు. అదే మనిషి, అదే చెయ్యి. "చూశావా, వీడేనని నేను చెప్పానా లేదా?" అని మా అన్నయ్య ఆ డిసెంబర్‌లో ఫోన్ చేశాడు. నిజమే అన్నయ్యా, కానీ మన దగ్గర కాదుగా.

రోజెన్ 10వ పిక్, అరిజోనా. తొలి సీజన్ మధ్యలోనే అఫెన్స్ కోఆర్డినేటర్‌ని (బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆట అల్లే కోచ్‌ని) తీసేశారు, చివర్లో హెడ్ కోచ్‌ని తీసేశారు. 45 సార్లు నేలకేసి కొట్టించుకున్నాడు. జట్టుకి 3 గెలుపులు, 13 ఓటములు. కొత్త కోచ్ క్లిఫ్ కింగ్స్‌బరీ వచ్చి 2019లో 1వ పిక్‌తో కైలర్ మర్రీని తెచ్చుకున్నాడు, రోజెన్‌ని మయామీకి పంపేశారు. ఆ తర్వాత జట్టు మీద జట్టు మారాడు గానీ ఎక్కడా కాలు నిలవలేదు. ఎంత అతని తప్పు, ఎంత ఇంటి తప్పు అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేను. అతని పక్షాన ఒక్క మాట చెప్పగలను: ఐదుగురిలో తీసుకున్న జట్టులోనే రెండో ఏడాది అవకాశం దొరకనిది ఒక్క అతనికే.

అలెన్ 7వ పిక్. అతనికోసం బిల్స్ లైన్‌లో ఎడమ అంచు కాచే తమ లెఫ్ట్ టాకిల్‌ని సైతం సిన్సినాటికి ఇచ్చి 21 నుంచి 12కి ఎక్కారు, డ్రాఫ్ట్ రాత్రి రెండు రెండో రౌండు పిక్‌లు కలిపి 7కి ఎక్కారు. తొలి ఏడు గురి 52.8 శాతం. మా బావమరిదికి నేను ప్రతి సోమవారం ఆ అంకె మెసేజ్ పెట్టేవాణ్ణి. రెండో ఏడు 58.8. 2020కి 69.2. నేను మెసేజ్‌లు మానేశాను, వాడు మొదలెట్టాడు.

లామార్ 32వ పిక్, బాల్టిమోర్. ఒక తమాషా: ఆ జట్టు కూడా ముందు 25వ పిక్‌లో అతన్ని దాటేసి హేడెన్ హర్స్ట్ అనే వేరే ఆటగాణ్ణి (టైట్ ఎండ్) తీసుకుంది. రౌండు చివరికి వచ్చేసరికి మనసు మార్చుకుని ఫిలడెల్ఫియా దగ్గర కొనుక్కుని వెనక్కొచ్చింది. ఆ నవంబర్‌లో అప్పటి క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకోకి దెబ్బ తగిలి లామార్ దిగాడు, 7లో 6 గెలిచాడు. 2019లో 36 టచ్‌డౌన్లు విసిరి, పైన 1,206 గజాలు పరిగెత్తి, ఒక్క ఓటు కూడా పోకుండా ఎంవీపీ అయ్యాడు. అంతకుముందు అలా అయినవాడు టామ్ బ్రేడీ ఒక్కడే. 2023లో మళ్లీ ఎంవీపీ.

ముందు ఇల్లు చూడండి

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు మనవాళ్లు. పెళ్లి సంగతేమో గానీ క్వార్టర్‌బ్యాక్ విషయంలో అది నూటికి నూరుపాళ్లు నిజం. అలెన్‌కి మొదటి నాలుగేళ్లూ ఒకే హెడ్ కోచ్ షాన్ మెక్‌డర్మట్, ఒకే కోఆర్డినేటర్ బ్రయన్ డాబోల్. 2020లో మిన్నెసోటా నుంచి స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్‌ని కొని తెచ్చిపెట్టారు. వేసవి సెలవుల్లో అలెన్ వేరే గురువు దగ్గర కూర్చుని అడుగులు, నడుం తిప్పడం మొదట్నుంచి నేర్చుకున్నాడు. లామార్‌కి బాల్టిమోర్‌లో 2008 నుంచీ పాతుకుపోయిన హెడ్ కోచ్ జాన్ హార్‌బా ఉండేవాడు. 2019లో గ్రెగ్ రోమన్‌ని కోఆర్డినేటర్‌గా పెట్టి లామార్ కాళ్ల చుట్టూ ఆటంతా కొత్తగా అల్లారు. మిగిలిన ముగ్గురికీ కోచ్‌లు అద్దె ఇంట్లో ఉన్నట్టు వచ్చారు, వెళ్లారు.

కాబట్టి మీ జట్టు డ్రాఫ్ట్ గురించి వాదించేముందు, ఇంకో క్వార్టర్‌బ్యాక్ వీడియో చూసేముందు, ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కోచ్ రెండేళ్ల తర్వాత ఇక్కడ ఉంటాడా? "ఏమో" అనేది జవాబైతే 1వ పిక్ ఉన్నా నేను భయపడతాను. ఉద్యోగం ఊగుతున్న కోచ్‌కి ఈ డిసెంబర్‌లో గెలుపు కావాలి. కుర్రాడికి వచ్చే డిసెంబర్ దాకా ఓపిక కావాలి. ఆ ఇద్దరికీ పొత్తు కుదరదు.

2024 బ్యాచ్ ఇదే పాఠం మళ్లీ వేసింది. షికాగో 1వ పిక్‌తో కేలబ్ విలియమ్స్‌ని తెచ్చుకుంది, వాషింగ్టన్ 2వ పిక్‌తో జేడెన్ డేనియల్స్‌ని. డ్రాఫ్ట్ ముందు చాలామంది నోట విలియమ్స్ పేరే మొదట. షికాగోలో నవంబర్‌లో కోఆర్డినేటర్ పోయాడు, థ్యాంక్స్‌గివింగ్ ఆట ఓడిన మర్నాడు హెడ్ కోచ్ పోయాడు, కుర్రాడు ఆ సీజన్‌లో 68 సార్లు నేల కరిచాడు. వాషింగ్టన్‌లో కొత్త యాజమాన్యం, కొత్త హెడ్ కోచ్ డాన్ క్విన్, కోఆర్డినేటర్‌గా మన పాత కింగ్స్‌బరీ, అందరూ దాదాపు ఒకేసారి మొదలయ్యారు. డేనియల్స్ 69 శాతం గురి, 12 గెలుపులు, కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లాడు. ఇద్దరూ ఇళ్లు మారి ఉంటే కథ ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

తర్వాత మనిషి: ఏ లోపం పోతుంది, ఏది పోదు

లోపం లేనివాడు దొరకడు. అడగాల్సింది ఒకటే, ఆ లోపం నేర్పితే పోయేదేనా? నా అనుభవంలో అడుగులు దిద్దవచ్చు, విసిరే పద్ధతి కొంత దిద్దవచ్చు, ఆట పుస్తకం నేర్పవచ్చు. చేతి బలం నేర్పలేం. అన్నిటికంటే మొండిది ఒత్తిడిలో మనిషి ఏం చేస్తాడన్నది. కాలేజీలో మీదికొచ్చినవాడికి దొరికిపోయి నేలకూలేవాడు ఎక్కువగా ఇక్కడా నేలకూలతాడు. నేలకూలితే తప్పంతా లైన్‌దే అనుకుంటాం గానీ, సగం సార్లు బంతి వదలనివాడిదే.

దాన్ని ఇంట్లో కూర్చుని ఎలా చూడాలో చెబుతాను. హైలైట్స్ వద్దు. హైలైట్స్‌లో అందరూ మ్యానింగ్‌లే. ఒక పూర్తి ఆట పెట్టండి, అతని జట్టు ఓడిన ఆట అయితే ఇంకా మంచిది. మూడో డౌన్ (పది గజాలు ముందుకెళ్లడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఏడెనిమిది గజాలు కావాల్సిన చోట్ల మాత్రమే చూడండి. స్నాప్ అవ్వగానే, అంటే బంతి అతని చేతికి రాగానే, మనసులో "ఒకటి, రెండు" అనుకుని వీడియో ఆపండి. బంతిని చూడకండి, అతని తల చూడండి. తల ఇంకా దూరంగా మైదానం వైపు ఉందా, లేక మీదికొస్తున్నవాడి వైపు తిరిగిందా? తర్వాత కాళ్లు. పక్కకి ఒక చిన్న అడుగేసి మళ్లీ నిలబడ్డాడా, వెనక్కి వెనక్కి పోతున్నాడా? ఇలా ఇరవై చోట్ల చూస్తే మీకే తెలిసిపోతుంది. నేను 2018లో రోజెన్ అడుగులు చూసి మురిసిపోయాను గానీ, అవన్నీ ఎవడూ మీదికి రానప్పటి అడుగులు. ఎవడైనా వచ్చినప్పుడు ఏం చేశాడో ఆపి చూడలేదు.

గురి గురించి ఒక హెచ్చరిక. అలెన్ బాగుపడ్డాడు కదా అని ప్రతి పెద్ద చెయ్యి కుర్రాణ్ణీ "ఇంకో అలెన్" అని అమ్మేస్తున్నారు. ఇండియానాపొలిస్ 2023లో 4వ పిక్‌తో ఆంథొనీ రిచర్డ్‌సన్‌ని తీసుకుంది. ఫ్లోరిడాలో చివరి ఏడు 53.8 శాతం, 2024లో ఇక్కడ 47.7. బావమరిది నా మీద గెలిచాడు నిజమే, కానీ వాడు గెలిచింది లాటరీ. లాటరీ తగిలినవాడి దగ్గర పెట్టుబడి సలహా తీసుకోకూడదని వాడితోనే అన్నాను. "కుళ్లు బావా" అన్నాడు.

ఆడిన ఆటల సంఖ్య కూడా చూడండి, దీన్ని చాలామంది పట్టించుకోరు. కాలేజీలో మొదట్నుంచి దిగి ఆడిన ఆటలు రిచర్డ్‌సన్‌వి 13. 2017లో షికాగో 2వ పిక్‌గా ఎక్కి తీసుకున్న మిచ్ ట్రుబిస్కీవి 13. అదే డ్రాఫ్ట్‌లో పాట్రిక్ మహోమ్స్ 10వ పిక్ దాకా కూర్చున్నాడని మీకు గుర్తుచేయక్కర్లేదు. మా జెట్స్ 2009లో తెచ్చిన మార్క్ శాంచెజ్‌వి 16. ట్రే లాన్స్‌వి 17. ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి, ఆబర్న్‌లో 14 ఆటలు ఆడి వచ్చిన కామ్ న్యూటన్ 2015లో ఎంవీపీ అయ్యాడు. అయినా నన్నడిగితే 40 ఆటలు ఆడి, కొన్ని ఘోరంగా ఓడి, మర్నాడు మళ్లీ దిగినవాడికి నా ఓటు. డేనియల్స్ రెండు కాలేజీల్లో కలిపి 55 ఆటలు ఆడి వచ్చాడు.

ఎత్తు, నోటి దురుసు, "నాయకత్వ లక్షణాలు" లాంటివాటి మీద వచ్చే కబుర్లకి నేను ఇప్పుడు అసలు విలువివ్వను. మేఫీల్డ్ ఎత్తు మీద వృథా చేసిన మాటలు చాలు.

మీ జట్టుని బట్టి

లైన్ బాగుండి, ఇంకో రెండేళ్లు ఆడగల పాత క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉంటే ముడిసరుకునే తీసుకోండి. కాన్సస్ సిటీ మహోమ్స్‌ని 2017లో అలెక్స్ స్మిత్ వెనక ఏడాదంతా కూర్చోబెట్టి, చివరి ఆటలో మాత్రం దింపింది. గ్రీన్ బే జోర్డన్ లవ్‌ని ఆరన్ రాడ్జర్స్ వెనక మూడేళ్లు కూర్చోబెట్టింది. అలాంటి నీడ ఉన్నచోట అలెన్ రకం కుర్రాడు పండుతాడు.

లైన్ లేదు, రిసీవర్లు లేరు, కుర్రాడు మొదటి ఆదివారమే దిగాలి అన్న పరిస్థితి అయితే ముడిసరుకు వద్దే వద్దు. బంతి త్వరగా వదిలేవాడు, లేదా ప్లాన్ చెదిరినప్పుడు కాళ్లతో బయటపడేవాడు కావాలి. మేఫీల్డ్ రకం, లామార్ రకం. రెండోవాడిని తెస్తే కోఆర్డినేటర్ తన పుస్తకం చింపేసి కొత్తది రాయడానికి సిద్ధంగా ఉండాలి. లామార్‌ని తెచ్చి మ్యానింగ్ ఆట ఆడమంటే ఇద్దరికీ నష్టం.

పైకి ఎక్కి కొనాలనుకునే జట్టు ధర చీటీ రెండుసార్లు చదవాలి. కరోలినా 2023లో బ్రైస్ యంగ్ కోసం 9వ పిక్, ఒక రెండో రౌండు పిక్, మరుసటి ఏడు మొదటి రౌండు, ఆ పై ఏడు రెండో రౌండు, వాటికి తోడు డీజే మూర్ అనే మంచి రిసీవర్‌ని షికాగోకి ఇచ్చింది. ఆ ఏడు కరోలినా 2 గెలిచి 15 ఓడటంతో, ఇచ్చేసిన పిక్ కాస్తా 2024 డ్రాఫ్ట్‌లో 1వ పిక్ అయి కూర్చుంది. షికాగో విలియమ్స్‌ని తెచ్చుకున్నది దాంతోనే. కుర్రాడికి సాయం చేయాల్సిన రిసీవర్‌ని కూడా అతని ధరలోనే కట్టేయడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. శాన్ ఫ్రాన్సిస్కో మూడు మొదటి రౌండు పిక్‌ల ఖర్చుతో 2021లో లాన్స్‌ని తెచ్చింది, మరుసటి ఏడు అందరికంటే చివరి పిక్, 262వది, బ్రాక్ పర్డీ వచ్చి ఆ చోటు తీసేసుకున్నాడు.

అసలు తీసుకోకపోవడం కూడా ఒక ఎంపికే, దానికీ ధర ఉంటుంది. 2018లో మా పక్క జట్టు జెయింట్స్ 37 ఏళ్ల ఈలై మ్యానింగ్ చాల్లే అనుకుని 2వ పిక్‌తో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) సక్వాన్ బార్క్‌లీని తీసుకుంది. అద్భుతమైన ఆటగాడు. మరుసటి ఏడే క్వార్టర్‌బ్యాక్ కోసం 6వ పిక్ ఖర్చు చేయాల్సి వచ్చింది. ఆ బార్క్‌లీ 2024లో ఫిలడెల్ఫియా చొక్కా వేసుకుని 2,005 గజాలు పరిగెత్తాడు. మా ఆఫీసులో జెయింట్స్ అభిమాని ఒకాయన ఆ వారమంతా మాట్లాడలేదు.

ఇద్దరు సమానంగా కనిపిస్తే? మీ కోచ్ గతంలో ఏ లోపాన్ని దిద్దాడో వెతకండి, ఆ లోపం ఉన్నవాడిని తీసుకోండి. అదీ తేలకపోతే పిక్ అమ్మి కిందకి దిగి మిగిలినవాడిని తీసుకోండి. అమ్మినదానితో ఒక లెఫ్ట్ టాకిల్ వస్తాడు.

ఆ రాత్రి మా జెట్స్ డార్నాల్డ్ పేరు చదవగానే అన్నయ్య లేచి చప్పట్లు కొట్టాడు. 7వ పిక్‌కి బావమరిది సోఫా ఎక్కాడు. 10వ పిక్‌లో రోజెన్ పోయాక "అరిజోనావాళ్ల అదృష్టం చూడండి" అని నేను అన్న మాట ఇప్పటికీ ఇంట్లో ప్రతి పండక్కీ ఎవడో ఒకడు ఎత్తుతాడు. పదకొండు దాటేసరికి బజ్జీలు అయిపోయాయి, తెల్లారితే ఆఫీసు. పెద్ద పేర్లన్నీ అయిపోయాయి కదా అని టీవీ కట్టేసి పైకెళ్లిపోయాం. 32వ పిక్ మాలో ఒక్కడూ చూడలేదు.